మొదటి సోలెడు

పిండి వదిన కోపం గురించి రాయాలంటే ముందు మర గురించి చెప్పాలి. మర సంగతి తెలియనివాళ్ళకు ఆ కోపం అర్థం కాదు. తెలిసిన మాకే అర్థం కావడానికి పదిహేడేళ్ళు పట్టింది.

మా ఊరికి ఒకటే పిండిమర. రేకుల కప్పు కింద ఒకే గది, ఒకే కిటికీ. ఆ కిటికీ ఊచల మీద సాలెగూళ్ళు కూడా తెల్లగానే ఉంటాయి. గది మధ్యలో మర. పైన గింజలు పోసే తొట్టి, దాని కింద రెండు రాళ్ళు, పక్కన పిండి జారే గుడ్డ గొట్టం. గొట్టం మూతికి మన డబ్బా పెట్టి తొట్టిలో గింజలు పోస్తే, కాసేపటికి వెచ్చటి పిండి డబ్బాలో పడుతుంది. చూడడానికి ఇంతే. కానీ పొద్దున్నే మొదటిసారి మర తిరిగేటప్పుడు రాళ్ళ మధ్య సందులు, మూలలు, గొట్టం మడతలు అన్నీ ఖాళీగా ఉంటాయి. అవి నిండాకే పిండి బయటికొస్తుంది. అంటే మొదట పోసినవాళ్ళ పిండి ఒక సోలెడు మర కడుపులోనే ఉండిపోతుంది. ఆ తరవాత పోసినవాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళది లోపల ఎంత ఆగితే ముందువాళ్ళది అంత బయటికొస్తుంది. సాయంత్రం మర ఆపి గొట్టం దులిపితే ఆ సోలెడూ కింద రాలుతుంది.

కాబట్టి మొదటివాళ్ళకు నష్టం, ఆఖరివాళ్ళకు లాభం. ఇది ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మర దగ్గర జనం మర్యాద చూసి ఆశ్చర్యపోయాను. బస్సులో సీటు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు ఇక్కడ మాత్రం "మీరు పోయించుకోండి అత్తయ్యా, పెద్దవారు" అంటే, "లేదమ్మా, నీకు పసిపిల్లలు, నువ్వే కానీ" అంటూ వెనక్కి వెనక్కి జరిగేవాళ్ళు. పొద్దెక్కేది. మర్యాద ముదిరి తగువయ్యేది.

పిండి వదిన మర నడపడానికి వచ్చాక ఆ తగువు ఆగిపోయింది. ఎలా ఆగిందని ఎవరమూ అడగలేదు. కడుపునొప్పి పోయాక అది ఎందుకు పోయిందని ఎవరు అడుగుతారు?

అంతకుముందు ఆవిడ భర్త ఆ మర నడిపేవాడు. నెమ్మదస్తుడు. పిండి దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుని పోయాడు. అప్పటికి ఆవిడకు ముప్పై నిండలేదు. పిల్లలు లేరు, అత్త ఉంది. నెల తిరక్కముందే పాత యజమాని ఇంటికి వచ్చి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, "అమ్మాయ్, మర నీకు తెలుసు, నువ్వు మరకు తెలుసు. ఇంకెవర్ని వెతకను?" అన్నాడట. దేవుడు ఆ పెద్దాయన్ని చల్లగా చూడాలి. ఊళ్ళో ఒకరి కన్నీళ్ళు తుడవడానికి వెళ్ళినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. తాళంచెవి తీసుకెళ్ళినవాడు ఆయనొక్కడే.

ఆవిడ పని చేసే తీరు చూడవలసినది. రాళ్ళు అరిగి నున్నబడితే తనే విప్పి, ఉలీ సుత్తీ పట్టుకుని గంట్లు కొట్టుకునేది. జారే పిండిలో రెండు వేళ్ళు పెట్టి, బొటనవేలితో ఒకసారి రుద్ది, రాళ్ళను దగ్గర చేసే చక్రం ఎంత బిగించాలో తేల్చేది. ఇళ్ళు దగ్గరైనా దూరమైనా కడుపుతో ఉన్నవాళ్ళ డబ్బా వాళ్ళ చేత మోయించేది కాదు. గుప్పెడు గింజలు తెచ్చుకున్న ముసలమ్మని బస్తా తెచ్చుకున్న ఆసామి వెనక నిలబెట్టేది కాదు. "మూత ఇప్పుడే పెట్టకండి, పిండికి చెమట పడితే పురుగు పడుతుంది" అని రోజుకు నలభైసార్లు చెప్పేది. మర హోరులో చెవులు మందగించాయి, అందుకని గట్టిగా మాట్లాడేది. కొత్తవాళ్ళు తిడుతోందనుకునేవాళ్ళు. నెత్తి, కనుబొమలు, కనురెప్పలు అన్నీ తెల్లగా ఉండేవి. ఎవరైనా ఆట పట్టిస్తే, "నాకు ముసలితనం పొద్దున వస్తుంది, సాయంత్రం స్నానం చేస్తే పోతుంది. మీకు అలా కాదు" అనేది.

సాయంత్రం ఇంటికి పోతూ ఒక గుడ్డసంచి చేత పట్టుకునేది. అందులో కొంచెం పిండి. అదీ మేము రోజూ చూసినదే.

మరకు ఆనుకునే టైలరమ్మ ఇల్లు. మధ్యలో ఒకటే గోడ. నల్లటి బట్ట కుట్టి తీగ మీద వేస్తే గంటకు బూడిదరంగు అయ్యేది. దాని మీద ఇద్దరికీ మాటామాటా ఉండేది గానీ, "అక్కా", "చెల్లీ" అనే పిలుపులు మాత్రం పోలేదు. టైలరమ్మ భర్త ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ వాళ్ళింటి గింజలు తీసుకొచ్చి, ఆడించి, మళ్ళీ వాళ్ళింటి పొయ్యి పక్కన పెట్టి వచ్చింది పిండి వదినే. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. టైలరమ్మ చెడ్డమనిషని అనను. చెడ్డవాళ్ళు చేసినదైతే ఇంత మండదు.

పాత యజమాని పోయి, పట్నంలో ఉండే కొడుకు చేతికి మర వచ్చిన ఏడాది సంగతి. టైలరమ్మ పది కిలోల గోధుమలు ఆడించుకుని, ఎందుకు బుద్ధి పుట్టిందో, మర ఎదురుగా ఉన్న బాబాయి కొట్టుకు తీసుకెళ్ళి తూయించింది. పావుకిలో తక్కువ వచ్చింది. మర వేడికి తేమ పోతుంది, కొంత గాలికి పోతుంది. ఇదీ అందరికీ తెలిసిందే. కానీ అనుమానం వచ్చాక తెలిసినది పనికిరాదు.

మర్నాడు వరసలో నిలబడి, మర హోరులో, నా వైపు తిరిగి అంది: "పది డబ్బాల్లోంచి పిడికెడు చొప్పున తీస్తే సాయంత్రానికి సంచి నిండదూ?"

వరసలో ఏడుగురం ఉన్నాం. పిండి వదిన తొట్టి దగ్గర పక్కకు తిరిగి గింజలు పోస్తోంది. ఎవరూ కాదనలేదు. నేను "అవునా" అన్నాను. అంతే అన్నాను. ఆ ఒక్క మాట ఎంత దూరం నడిచిందో నాకు తెలియదు గానీ, వారం తిరిగేసరికి పట్నం దాకా వెళ్ళింది.

సోమవారం పొద్దున కొత్త యజమాని వచ్చాడు. మర ఆపించాడు. మెత్తటి మనిషి, మెత్తగానే మాట్లాడాడు. ఇవాళ్టి నుంచి సాయంత్రం ఇంటికి పోయేముందు సంచి తెరిచి కొట్టు బాబాయికి చూపించి పోవాలన్నాడు. తనకు నమ్మకం లేక కాదట.

"నేననడం లేదు పిన్నీ, ఊరు అంటోంది."

ఆవిడ చేతులకంటిన పిండి దులుపుకోకుండా అలాగే నిలబడింది. తరవాత మా వైపు తిరిగింది.

"ఊరంటే ఎవరు బాబూ? ఊరికి ఒక మొహం ఉంటుందిగా. చూపించు."

మేము ఎవరి డబ్బాలోకి వాళ్ళం తొంగిచూశాం. డబ్బాలో గోధుమలు కాక ఏముంటాయి? టైలరమ్మ, "నేనేమన్నాను, తూకం అంది" అని గొణిగింది. పిండి వదిన ఇంకేమీ అనలేదు. మర వేసి, ఆ రోజుకు అందరివీ ఆడించి ఇచ్చింది. చక్రం అంత గట్టిగా తిప్పడం మేము ఎన్నడూ చూడలేదు. సాయంత్రం గొట్టం దులిపి, రాలిన పిండి సంచిలో పోసి, సంచిని గుమ్మం పక్క మేకుకు తగిలించి, కొట్టు బాబాయిని పిలిచి, "చూసుకో, తూచుకో, ఊరికి పంచుకో" అని ఉత్త చేతులతో ఇంటికి పోయింది.

మంగళవారం టైలరమ్మ అందరికంటే ముందు వచ్చింది. ఎప్పుడూ అలాగే వచ్చేది. పదిహేడేళ్ళుగా ముందు రావాలంటే ఎవరికీ భయం లేదు కదా. ఐదు కిలోలు పోయించుకుంది. డబ్బాలో పడిన పిండి చూసి ఆమె మొహం మారిపోయింది. ఈసారి తూయనక్కర్లేదు, కంటికే తెలుస్తోంది.

"అక్కా, నా పిండేదీ?"

"మర తాగింది."

"మర తాగడమేంటి?"

"రోజూ తాగుతుంది. మనిషి ఒక పూట పస్తుంటాడు, మర ఉండదు."

"మరి నిన్నటిదాకా తాగలేదే?"

"నిన్నటిదాకా నాది తాగింది."

మోటారు ఆగలేదు గానీ మా అందరికీ ఆగినట్టే అయింది. రోజూ పొద్దున్నే, మేమింకా వాకిళ్ళు ఊడ్చుకుంటుండగా, మర కాసేపు తిరిగిన చప్పుడు వినిపించేది. మోటారు వేడెక్కిస్తోంది కాబోలనుకునేవాళ్ళం. ఊరంతా అదే అనుకుంది. వేడెక్కించడం కాదు. తన ఇంటి నుంచి సోలెడు గోధుమలు తెచ్చి, ముందు వాటిని మర కడుపులో పోసేది. మేము వచ్చేసరికి మర నిండి ఉండేది. మొదటివాళ్ళు, ఆఖరివాళ్ళు అన్న తేడాయే లేకుండా పోయింది. సాయంత్రం గొట్టం దులిపి తన సోలెడు తాను పట్టుకుపోయేది.

"పొద్దున గోధుమలు పోశాను, సాయంత్రం పిండి తీసుకున్నాను," అంది ఆవిడ. ఎప్పటి గట్టి గొంతే. "నా సంచిలో మీ జొన్నలు కలిసి ఉండొచ్చు. మీ డబ్బాల్లో నా గోధుమలు కలిసి ఉంటాయి. వేరు చెయ్యాలంటే దేవుడు దిగి రావాలి. ఆయనకు వేరే పని ఉంటుంది."

వరసలో ఎవరో, ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేమని అడిగారు.

"చెప్తే ఏం చేసేవాళ్ళు? మళ్ళీ మర్యాదలు మొదలుపెట్టేవాళ్ళు."

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. పిండి వదిన టైలరమ్మతో, ఆమె పిండి లోపలే ఉందని, సాయంత్రం వస్తే దులిపి ఇస్తానని చెప్పి తరవాతి డబ్బా అందుకుంది. ఆమెను "చెల్లీ" అనలేదు. "ఏవమ్మా" అంది.

మా ఊళ్ళో తప్పు చేసినవాళ్ళు నోటితో ఒప్పుకోరు, గిన్నెతో ఒప్పుకుంటారు. ఆ సాయంత్రానికి పిండి వదిన ఇంటి అరుగు మీద నాలుగు కోడిగుడ్లు, ఒక చెంబు పాలు, ఎవరో పెట్టిన జామకాయలు, నేను మూత పెట్టి తీసుకెళ్ళిన వంకాయకూర. టైలరమ్మ తను రాలేదు. కొత్త గుడ్డసంచి ఒకటి కుట్టి పక్కింటి పిల్ల చేత పంపింది. గట్టి బట్ట, రెండు వరసల కుట్టు, పట్టుకోవడానికి పిడి. మిగతావి చూసి ఊరుకున్న పిండి వదిన ఆ సంచిని చూసి మండిపోయింది.

"పాత సంచిలో తప్పేముందని కొత్త సంచి?" అని దాన్ని వచ్చిన దారినే తిప్పి పంపింది. తరవాత నా గిన్నె నా చేతికి ఇవ్వబోయింది.

లోపల మంచం మీద నుంచి అత్త అంది: "కూర ఏం పాపం చేసిందే? కోపం మనుషుల మీద కదా."

"మీరు ఊరుకోండత్తయ్యా."

"పదిహేడేళ్ళు నా చేత్తో సోలెడు కొలిచి ఇచ్చినదాన్ని. ఊళ్ళో అన్ని ఇళ్ళ పిండీ కలిసిన రొట్టె తినేది మనమొక్కళ్ళమే అని మురిసిపోయినదాన్ని. ఒక్క కూర తినకూడదా?"

నేను గుమ్మంలో నిలబడి, "వదినా, నేను నిన్నేమీ అనలేదు" అన్నాను.

"'అవునా' అన్నావు."

ఆవిడకెలా తెలిసింది? ఆ హోరులో, అంత దూరంలో, చెవులు సరిగా వినపడని మనిషి.

"చెవులు మరకిచ్చాను. కళ్ళు నా దగ్గరే ఉన్నాయి," అంది. "పదిహేడేళ్ళు ఆ చప్పుట్లో ఎవరు ఎన్ని కిలోలన్నారో పెదాలు చూసే కదా తెలుసుకుంది. ఆవిడన్నదీ చూశాను. నువ్వన్నదీ చూశాను. మిగతా అయిదుగురూ పెదాలు బిగించుకున్నదీ చూశాను. ఎవరైనా ఒకరు కాదంటారని వారం రోజులు చూశాను."

ఆవిడ నా గిన్నె వైపు చూసింది.

"వరసలో అన్నారు. ఇప్పుడు మూత పెట్టి, గిన్నెల్లో తెస్తున్నారు. నా పేరు ఆ వరసలో పోయింది. అక్కడే దొరకాలి. దొరక్కపోతే తాళంచెవి ఆ అబ్బాయికి ఇచ్చేసి మా అక్క వాళ్ళ ఊరు పోతాను. అక్కడా మర ఉంది."

అత్తను మంచంతో సహా తీసుకెళ్తావా అని నేను అడగలేకపోయాను. తీసుకెళ్తుంది. ఆ మనిషి అలాంటిది.

ఆ సంజె ప్రార్థనకు కూర్చున్నాను. దేవుడితో చెప్పుకోవడం ఎంత సులువో అప్పుడే తెలిసింది. ఆయన ఎలాగూ పక్కింటివాళ్ళకు చెప్పడు. తప్పు చేసింది ఒక చోట, ఒప్పుకునేది ఇంకో చోట అయితే, ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆ రోజు నా ప్రార్థన సగంలో ఆగిపోయింది.

బుధవారం పొద్దున మర దగ్గరకు వెళ్ళేసరికి పదిహేనుమంది ఉన్నారు. మర తిరగడం లేదు. తలుపు తెరిచే ఉంది. పిండి వదిన తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. గుమ్మంలో పాత రోజులు తిరిగొచ్చాయి. "మీరు కానివ్వండి బాబాయ్", "ఫరవాలేదమ్మా, నాకు తొందరేం లేదు", "అదేంటి, నా కంటే ముందొచ్చారుగా". పదిహేనుమందీ కలిసి రెండడుగులు వెనక్కి పోయారు. టైలరమ్మ అందరి కంటే వెనక ఉంది. కొట్టు బాబాయి కబురు పెడితే యజమాని స్కూటరు మీద వచ్చాడు.

ఏమిటిదని అడిగాడు. చెప్పారు. ఆవిడ దగ్గరకెళ్ళి, జరిగిందేదో జరిగిపోయిందని, సంచి సంగతి మరిచిపోదామని, ఎప్పటిలాగే కానిమ్మని బతిమాలాడు.

"ఎప్పటిలాగే అంటే? నా గోధుమలతోనా?"

"అది కాదు పిన్నీ..."

"మర నీది బాబూ. ఆకలి కూడా నీ మరకే. మీ ఇంట్లోంచి సోలెడు తెచ్చి పొయ్యి. రోజూ పొద్దున్నే రా. సాయంత్రం వచ్చి పట్టుకుపో. సంచి తెరిచి కొట్టు బాబాయికి చూపించు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఆ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. చాచిన అరచేతిలో పెట్టుకుని, యజమాని వైపు కాదు, మా వైపు పట్టుకుని నిలబడింది. ఎవరైనా మాట్లాడతారా, తాళం ఇచ్చెయ్యనా అన్నట్టు.

ఇక నేను ఆగలేదు. డబ్బా ఎత్తుకుని పదిహేనుమందినీ దాటుకుని వెళ్ళాను. నోరు తెరవబోతున్నాను. ఆవిడ చక్రం తిప్పి రాళ్ళు ఎడం చేసి, మోటారు స్విచ్చు వేసింది. రేకులు అదిరాయి.

అప్పుడు అర్థమైంది. ఆవిడకు నా పెదాలు చాలు. ఇక అరవాల్సింది మిగతావాళ్ళ కోసం.

"ఆ రోజు తప్పుడు మాట విని 'అవునా' అన్నాను వదినా," అని అరిచాను. గొంతు సగంలో చీరుకుపోయింది. ఆవిడ కదల్లేదు. మళ్ళీ అరిచాను. "నువ్వు తియ్యలేదు. నువ్వే పోశావు. మేమే తిన్నాం."

గుమ్మం దాకా వినిపించింది. గుమ్మం అవతలకీ వినిపించి ఉంటుంది, కొట్టు బాబాయి చేతిలో తక్కెడ అలాగే ఆగిపోయింది కాబట్టి.

ఆవిడ దగ్గరకు తీసుకోలేదు, కళ్ళు తుడుచుకోలేదు. తాళంచెవి మళ్ళీ కొంగున ముడి వేసుకుంది. "డబ్బా ఇటు పెట్టు" అంది. నా గోధుమలు తొట్టిలో పోసి రాళ్ళు దగ్గర చేసింది. మర నా సోలెడు తాగింది. నేను మనసారా తాగనిచ్చాను.

ఆ తరవాత ఒక్కొక్కరూ వచ్చారు. ఆ రోజు పెదాలు బిగించుకున్న అయిదుగురిలో నలుగురు ఏదో ఒకటి అన్నారు. అయిదో ఆయన గొణిగితే, "పెదాలు పూర్తిగా కదపండి మావయ్యా, సగం మాటే కనిపిస్తోంది" అంది. ఆయన మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, ఎర్రబడిపోయి. యజమాని ఏమీ అనకుండానే స్కూటరు ఎక్కబోతే పిలిచి నిలబెట్టింది. "ఊరు అంటోందన్నావు. ఇప్పుడు ఊరు ఏమంటోందో విన్నావా?" విన్నానన్నాడు. "అయితే సంచి చూపించమన్న మాట కూడా ఇక్కడే వెనక్కి తీసుకో." తీసుకున్నాడు. టైలరమ్మ వంతు వచ్చింది. ఆమె డబ్బా పెట్టి నేల చూసింది. పిండి వదిన ఆమె గోధుమలు ఆడించింది, రెండు వేళ్ళతో మెత్తదనం చూసింది, గొట్టం రెండుసార్లు తట్టి చివరి పొడి దాకా ఆమె డబ్బాలోకే రాల్చింది, డబ్బా ఇచ్చేసింది. ఒక్క మాట లేదు.

ఇప్పుడు మర గోడ మీద బొగ్గుతో వంతులు రాసి ఉన్నాయి. రోజుకొక ఇల్లు మొదట పోస్తుంది. ఆ ఇంటివాళ్ళు సాయంత్రం వచ్చి, దులిపిన సోలెడు తీసుకెళ్తారు. అది రంగురంగులుగా ఉంటుంది, అన్ని ఇళ్ళ గింజలూ కలిసి. ఆ రొట్టె తిన్నాను. ముసలావిడ ఎందుకు మురిసిపోయేదో తెలిసింది.

పాత సంచి మేకుకే ఉంది. అందులో ఉన్న సోమవారం పిండిని మాత్రం గురువారం నాడే అత్త కర్ర పోటేసుకుంటూ స్వయంగా వచ్చి గిన్నెలో వంపుకుపోయింది. "కోపం నీది, పిండి నాది" అందట కోడలితో.

మొన్న నా వంతు సాయంత్రం వెళ్ళేసరికి టైలరమ్మ మరలోంచి బయటికి వస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిండి వదిన గొట్టం దులుపుతోంది, వీపు ఇటు పెట్టి.

"ఏమైంది?" అన్నాను ఆవిడ ముందుకెళ్ళి.

"ఏదో అంది."

"ఏమంది?"

"నేను చూడలేదు. అటు తిరిగి ఉన్నాను." గొట్టాన్ని ఇంకోసారి గట్టిగా కొట్టింది. ఇద్దరి మధ్యా తెల్లగా దుమ్ము లేచింది. "పొద్దున వరసలో అందరూ ఉంటారుగా. అప్పుడు రమ్మను."